తూర్పుకు పొంగిన పాలు

పద్మారాణి సంచిలోంచి తాళం కప్ప తీసి సాయికుమార్ ముందు పెట్టింది. పాతకాలపు ఇత్తడి కప్ప. టేబుల్ అద్దం మీద అది చేసిన చప్పుడుకు పక్కగదిలో కంప్యూటర్ల ముందున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"ఇదేంది దీదీ?" అన్నాడు సాయికుమార్.

"సంపత్ శవం పక్కన దొరికింది. పోలీసులు బట్టలతో పాటు వాళ్లమ్మ లలితమ్మకు వాపస్ ఇచ్చిండ్రు. లలితమ్మ ఇంటి తాళం ఇది. ఆ పొద్దున చెప్పకుండ సంచిల ఏసుకుని పోయిండంట. తలుపుకు తాళం లేక ఆమె పనికి పోలేదు, ఇల్లు కాసుకుంట కూసున్నది. కొడుకు పోయిండన్న మాట గడపల కూసునే విన్నది."

సాయికుమార్ కప్పను ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఆమె నన్ను ఒక్కటే మాట అడిగింది. ఫోటోలు తీస్తందుకు పోయేటోడు ఇంటి తాళం ఎందుకు తీస్కపోతడు? నీకు తెలిస్తే చెప్పు."

"నాకేమెరుక దీదీ. రాంప్రసాద్ సార్ రిపోర్టు ఇచ్చేసిండు గదా. తాగి పిట్టగోడ ఎక్కిండు, జారిండు. కేస్ ఖతం."

కేసు ఖతం కాలేదు. సంపత్ పొట్టలో మందు ఉందో లేదో తేల్చే కాగితం ఇంకా రానే లేదు. బిల్డరు పెట్టుకున్న డిటెక్టివ్ రాంప్రసాద్ మాత్రం చొక్కా మీద వాసన, పక్కన సీసా చూసి అంతా తేల్చేశాడు. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో తాగి చచ్చాడంటే జాలిపడేవాడు కూడా ఉండడు. ఆ సంగతి రాంప్రసాద్‌కి బాగా తెలుసు.

పద్మారాణికీ తెలుసు. సిరిసిల్ల నుంచి సాంచెల పనికి సూరత్ వచ్చిన ఇంట్లో పుట్టిన మనిషి. ఆ మరమగ్గాల మోత మధ్యే పెరిగింది. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. ఆమె దగ్గరికొచ్చే కేసుల్లో సగం పెళ్లికొడుకుల వాకబులు, మిగతా సగం నూలు దొంగతనాలు. చావు కేసు చూడటం ఇది రెండోసారి. మొదటిది రాంప్రసాద్ దగ్గర అసిస్టెంటుగా ఉన్న రోజుల్లోది.

"సంపత్ ఇక్కడ ఏం పని చేసేటోడు? నాకు తెల్సేటట్టు చెప్పు" అంది.

ఆల్థాన్‌లో సాయికుమార్ నడుపుతున్న ఈ స్టూడియో బిల్డర్లకూ, ఇంటీరియర్ కంపెనీలకూ బొమ్మలు చేసిపెడుతుంది. పని గురించి అడగ్గానే అతనికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

"సైటు నుంచి ఫోటో వస్తది దీదీ. ఇసుక కుప్పలు, దుమ్ము, కూలీల గుడిసెలు, అన్నీ ఉంటయి. ఏఐతోని గవన్నీ సాఫ్ చేస్తం. చెట్లు పెడ్తం. ఆకాశం నీలంగ చేస్తం. గోడలు నిటారుగ చేస్తం. చూసినోనికి అండ్ల ఉండబుద్ధి కావాలె."

"అంటే అబద్ధం."

"మార్కెటింగ్."

అతను ఒక బ్రోషర్ ముందుకు తోశాడు. ఊరి శివారు కామ్‌రేజ్ దగ్గర లేచిన 'ఆశ్రయ్ హైట్స్'. 'ఏ' బ్లాక్ పేజీలో ముంగిట్లో గర్బా ఆడుతున్నారు. సీ బ్లాక్ పేజీలో అదే ముంగిట్లో బతుకమ్మ ఆడుతున్నారు. చెట్టు అదే, బెంచీ అదే. మనుషులు మారారంతే.

"సీ బ్లాక్ మన తెలుగోళ్లకు అమ్మాలని బిల్డర్ ప్లాన్. ఏఐ ఫస్ట్ ఇచ్చిన బతుకమ్మ బర్త్‌డే కేకు లెక్క ఉండె. ఆడోళ్ల మొకాలు ఏ దేశపోళ్లయో తెల్వదు. సంపత్ ఏం చేసిండంటే, వాళ్ల గల్లీల తీసిన ఫోటోలు ఎక్కించిండు. ఇగ చూడుండ్రి, ఎంత అసల్ లెక్క ఉన్నదో. సీ బ్లాక్ మొత్తం బుక్ అయిపోయింది."

బొమ్మ మధ్యలో, పూల చుట్టూ వంగి చప్పట్లు కొడుతున్న మనిషి లలితమ్మ. కొత్త చీర, నిండుగా నవ్వు. ఈ పొద్దున తాళం కప్ప చేతిలో పెట్టినప్పుడు ఆమె తల దువ్వుకుని కూడా లేదు. పద్మారాణి బ్రోషర్ మూసేసింది.

"చివరికి పంపిన బొమ్మ చూపెట్టు."

సాయికుమార్ కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. "గిదే దీదీ. తాగి పనిచేసిండనడానికి గిదే సబూత్."

సీ బ్లాక్ భవనం గీత గీసినంత నిటారుగా ఉంది. మిగతావే బాగాలేవు. ముంగిట్లోని దీపస్తంభాలు అన్నీ కొద్దిగా ఒక పక్కకు వాలి ఉన్నాయి. గేటు దగ్గర జెండా కర్రా అంతే. నిలబడ్డ మనుషులు కూడా ఎదురుగాలికి ఆగినట్టు అదే పక్కకు ఒరిగి ఉన్నారు.

"ఒక్కటి కూడ సీదా లేదు" అన్నాడు సాయికుమార్. "సైటు ఆఫీసు నుంచి ఫోన్ చేసి నన్ను తిట్టిండ్రు."

"ఎవరు?"

"పేరు చెప్పలే. తెలుగాయన. టీవీల వార్తలు సదివినట్టు మాట్లాడిండు. నేను సంపత్‌ను పిలిచి గట్టిగనే అడిగిన. 'తప్పు నా బొమ్మల లేదన్నా, సైటుకు పోయి చూపిస్త' అన్నడు. అదే మాట ఆయనకు చెప్పిన. ఆయన నవ్విండు. 'పంపించు బాబూ, బొమ్మలోళ్లకి ఒకసారి సైటు చూపిస్తే సరిపోతుంది' అన్నడు. తెల్లారి సంపత్ పోయిండు. పోయినోడు రాలే."

"సైటు నుంచి వచ్చిన అసలు ఫోటోలు?"

"సంపత్ పోయిన సాయంత్రమే సైటు ఆఫీసోళ్లు అన్నీ తుడిచెయ్యమన్నరు. తుడిచేసినం."

"ఈ ముచ్చట పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"ఆర్డర్ పోతది దీదీ."

"మనిషి పోయిండు."

సాయికుమార్ కంప్యూటర్ తెర మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. పద్మారాణి కప్పను సంచిలో వేసుకోబోతూ ఆగింది. కప్ప కొంకికి వెంట్రుకంత సన్నటి తెల్లదారం ముడి ఒకటి బిగిసిపోయి ఉంది. పొద్దున గమనించలేదు. గోటితో గీరి చూసి, ఏమీ అనకుండా లేచింది.

ఆమె ఆశ్రయ్ హైట్స్ చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. మాఘమాసం, మంచి ముహూర్తం. సీ బ్లాక్‌లో ఆ రోజే తెలుగు కుటుంబాలు గృహప్రవేశాలు పెట్టుకున్నాయి. కింద పార్కింగంతా ఖాళీగా ఉంది. అయినా రాంప్రసాద్ తెల్లకారు గేటు బయట, రోడ్డు అవతల, మాడే ఎండలో నిలబెట్టి ఉంది. ఆయనకు కారంటే ప్రాణం. పద్మారాణి ఆ కారును ఒక క్షణం చూసి లోపలికి నడిచింది.

లిఫ్టు తలుపు సగం మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది. "నయా హై, సెట్ హో జాయేగా" అన్నాడు వాచ్‌మన్. కొత్తది కదా, సర్దుకుంటుందట. ఆమె మెట్లెక్కింది.

రెండో అంతస్తులో ఒక చెయ్యి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. సారక్క. లింబాయత్‌లో లలితమ్మ ఉండే గల్లీలోనే ముప్ఫయ్యేళ్లు ఉన్న మనిషి. ఒకప్పుడు మొగుడూ పెళ్లాం కూలికి నడిపేవాళ్లు, ఇప్పుడు సొంత సాంచెలు నడిపిస్తున్నారు.

"పద్మా, ఆగు బిడ్డా. గింత పరమాన్నం నోట్లేసుకుని పో. దా, ఇల్లు చూద్దువు."

వాకిలి తలుపు మూయబోతే ద్వారబంధానికి పట్టేసింది. సారక్క భుజంతో నెట్టి, కాక వదిలేసింది. "కొత్త చెక్క. నాలుగు దినాలైతే సర్దుకుంటది." వంటింట్లో, తూర్పు కిటికీ కింద, కొత్త పొయ్యి మీద కొత్త గిన్నె. పొంగిన పాలు గిన్నెకు ఒక పక్కనే కారి గట్టు మీద చారకట్టాయి.

"చూసినవా? తూర్పుకే పొంగినయి" అంది సారక్క. "నా ఒక్క ఇంట్లనే కాదు. పొద్దటి నుంచి ఎన్ని ఇండ్లల్ల పాలు పెట్టిండ్రో అన్ని ఇండ్లల్ల తూర్పుకే. పంతులు ఏమన్నడో ఎరుకనా? ఇన్నేండ్లల్ల గిసుంటి శకునం చూడలేదన్నడు. గుజరాతోళ్లకు ఈ పాల ముచ్చట తెల్వది. కుండల నీళ్లు పెట్టుకుంటరు, అయిపాయె."

"మంచిదే గద సారక్కా."

సారక్క ముఖంలో నవ్వు తగ్గింది. "మంచిదే. గని మనసుల పడ్తలేదు. పిల్లగాడు పోయిన జాగల పాలు పొంగిస్తున్నం. లలితక్క మొకం ఎట్ల చూడాలె? ఈ ఇల్లు కొన్నదే ఆమె బొమ్మ చూసి. మన లలితక్క ఉన్నదంటే మంచి జాగనే అని ఊరంత పోటీలు పడి కొన్నం. ఆమెకు ఈడ ఇల్లే లేదని ఎవ్వలం యాది చేస్కోలే."

పద్మారాణి మళ్లీ మెట్ల వైపు నడిచింది. సంపత్ ఏం చూసి భయపడ్డాడో ఇంకా తెలియదు. ఎవరి కోసం భయపడ్డాడో మాత్రం తెలిసింది. తన బొమ్మను నమ్మి కొన్నవాళ్ల కోసం.

మేడ మీద ఎక్కడ చూసినా దారాలే. ఉత్తరాయణ్ పతంగుల పండగ పోయి ఎన్నాళ్లో కాలేదు. తెగిన మాంజా పైపులకు, డిష్ యాంటెన్నాలకు, నీళ్లట్యాంకుకు చుట్టుకుని ఉంది. చిరిగిన పతంగులు మూలలకు చేరాయి. పోలీసులు ఇక్కడ ఏం వెతికి ఉంటారో, ఏం వదిలేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మెట్లగది పడమటి చివర ఉంది. సంపత్ పడింది తూర్పు వైపు. ఆమె నేరుగా తూర్పు పిట్టగోడ దగ్గరికి వెళ్లి, వంగి, ఒక్కో అడుగే వెతకడం మొదలుపెట్టింది. పిట్టగోడ నడుము ఎత్తే. దానికి ఆనించి ఒక ఇనుప పైపు. పైపుకు తెల్లదారం ముడి. రెండు పేటలు కలిపి గట్టిగా వేసిన ముడి. జానెడు దూరంలో దారం తెగిపోయి ఉంది. లాగితే తెగిన దారం చివర పీచు లేస్తుంది. ఇది కత్తిపెట్టి కోసినట్టు సాఫుగా ఉంది.

వేలి మీద రాసి చూసింది. మాంజాకు గాజుపొడి ఉంటుంది, గీసుకుంటుంది. ఇది మెత్తగా జారిపోయింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే కండెలు చుట్టిన వేళ్లు ఆమెవి. ఇది నూలు కార్ఖానాలో సాంచె మీదికెక్కే దారం. సంచిలోంచి కప్ప తీసి కొంకికున్న ముడిని పక్కన పెట్టి చూసింది. అదే దారం, అదే రెండు పేటల ముడి.

పైపు వెనక, గోడ సందులో, మిగిలిన దారంతో కండె కూడా దొరికింది. దాన్ని పక్కనే నేల మీద పెట్టింది. పెట్టినచోటే నిలిచింది.

"నువ్వు వస్తావని తెలుసు పద్మా. ఇంత తొందరగా వస్తావనుకోలేదు."

మెట్లగది తలుపు దగ్గర రాంప్రసాద్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో మడత రుమాలు. అరవై దాటినా నడుము వంగలేదు.

"లిఫ్ట్ లేకున్నా పదకొండు అంతస్తులు ఎక్కొచ్చిండ్రు సార్. పని పెద్దదే ఉన్నట్టున్నది."

"ఏం దొరికింది?"

"దారం."

ఆయన నవ్వాడు. "పండగ వెళ్లగానే సూరత్‌లో మేడ మీద దారం దొరికింది. గొప్ప పరిశోధన. ఇటు తీసుకురా, చూద్దాం."

"మీరే రాండ్రి సార్. ముడి పైపుకే ఉన్నది, కదిలియ్యొద్దు."

ఆయన రాలేదు. "గాలిపటం దారం చూడటానికి నేనెందుకు?"

"మాంజా కాదు. సాంచె నూలు."

"సాంచెల వాళ్ల పిల్లలు గాలిపటానికి ఏ దారం కడతారనుకున్నావు? కొన్న మాంజానా?"

"పతంగిని పైకి ఎగరేస్తరు సార్. ఇది గోడ అవతలికి, కిందికి ఇడిసిండ్రు. ఎవరో కోసిండ్రు. దీని రెండో కొస ఈ తాళం కప్పకున్నది."

రాంప్రసాద్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గొంతు మాత్రం మారలేదు.

"శవం దొరికిన మర్నాడు నన్ను పిలిచారు. అంతకుముందు ఈ సైటు మొహం నేను చూడలేదు. అబద్ధం రాయాల్సిన అవసరం నాకేముంది?"

"నేను అడగనే లేదు గద సార్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ సంగతి ఆయనకూ తట్టింది. రుమాలు మడత మార్చి జేబులో పెట్టుకున్నాడు.

"నీ మంచి కోరి చెబుతున్నాను. మార్కెట్లో నా పేరు మీదే నీకు కేసులొస్తున్నాయి. నేనొక్క మాట చెబితే నూలు దొంగల కేసు కూడా నీ గుమ్మం తొక్కదు."

"పెండ్లి సంబంధాలు చూసుకుని బతుకుత."

"ఆ తల్లికి కొడుకు తిరిగిరాడు. ఈ గొడవతో నువ్వు ఆవిడకి ఇచ్చేదేమిటి? పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగడం. అయినా బొమ్మలోళ్లకి సైటు సంగతి ఏం తెలుసు? పిట్టగోడ ఎక్కితే జారక ఏమవుతారు?"

బొమ్మలోళ్లు.

పద్మారాణి ముఖం మార్చకుండా ఉండాలనుకుంది. అయినా ఆమె కళ్లలో ఏదో కదిలింది. ఎదుటివాళ్ల కళ్లు చదవడం రాంప్రసాద్ వృత్తి. చదివేశాడు.

"సాయికుమార్‌కు ఫోన్ చేసింది మీరే" అంది ఆమె. దాచి లాభం లేదు. "సంపత్‌ను ఇక్కడికి పంపమన్నది మీరే. అతను ఇక్కడ వంగి దారం కిందికి ఇడుస్తుంటే ఎనక నిలబడ్డది కూడ మీరేనా సార్?"

రాంప్రసాద్ ఒకసారి మెట్ల కిందికి తొంగిచూశాడు. కింద ఏదో ఇంట్లో పంతులు మంత్రాలు వినిపిస్తున్నాయి.

"నీకు అన్నీ నేర్పాను పద్మా. ఒక్కటే నేర్పలేకపోయాను. పైకెక్కినవాడికి ఎప్పుడు దిగిపోవాలో తెలియాలి."

వెనక్కి తిరిగి మెట్లగదిలోకి నడిచాడు. ఇనుప తలుపు మూసుకుంది. అవతల గొళ్లెం పడ్డ చప్పుడు.

ఆమె పరుగెత్తి తలుపు గుంజింది. భుజంతో మోదింది. పగలగొట్టడానికి అది సారక్క ఇంటి చెక్క తలుపు కాదు.

భయం వేసింది. ఒంటరిగా ఉంది కాబట్టి దాచుకోవాల్సిన పనిలేదు, తలుపుకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నాక బుర్ర పనిచేసింది. పన్నెండేళ్ల కిందట మొదటి చావు కేసులో రాంప్రసాదే చెప్పిన పాఠం గుర్తొచ్చింది. శవాన్ని అందరూ చూస్తారు పద్మా, నువ్వు చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడు.

ఆయన ఎక్కడ నిలబడ్డాడు? పడమటి కొసన. సాక్ష్యం ఇక్కడ పెట్టుకుని పిలిచినా ఒక్క అడుగు తూర్పుకు వేయలేదు. ప్రాణంగా చూసుకునే కారును ఖాళీ పార్కింగు వదిలి రోడ్డు అవతల ఎండలో పెట్టాడు. ఆయనకు భయం తనను చూసి కాదు. ఈ భవనాన్ని చూసి.

మూసుకోని లిఫ్టు, పట్టేసిన తలుపు. స్తంభాలూ మనుషులూ ఒరిగిపోయిన బొమ్మ. సంపత్ బొమ్మలో తప్పు చేయలేదు. భవనాన్ని నిటారుగా చూపించమని చెప్పారు, చూపించాడు. ఒరిగిన భవనం నిటారుగా వచ్చేదాకా ఫోటోను తిప్పితే, నిజంగా నిటారుగా ఉన్నవన్నీ ఒరిగిపోతాయి. ఏఐతో మళ్లీ సర్దేయొచ్చు. అతను సర్దకుండా అలాగే పంపాడు. చూస్తారనుకున్నాడు పాపం.

పాలు. అన్ని ఇళ్లలోనూ తూర్పుకే.

పద్మారాణి లేచి కండె అందుకుంది. దారం రెండు పేటలు చేసి కప్పకు ముడివేసింది. ముడి లాగి చూసింది, బిగిసింది. సారక్క వంటింటి కిటికీకి సరిగ్గా పైన, గోడ అంచుకు ఆనించి కిందికి వదిలింది. పదో అంతస్తు దగ్గర కప్ప గోడను రాసుకుంటూ దిగింది. ఆ తర్వాత గోడ తగిలిన చప్పుడు వినపడలేదు. కావలసినంత దారం వదిలి, పైపుకు కట్టి, కండెను మళ్లీ నేల మీద ఉన్నచోటే పెట్టి, సారక్కకు ఫోన్ చేసింది.

"సారక్కా, వంటింటి కిటికీల నుంచి చూడు. తాళం కప్ప వేలాడుతున్నది. చెయ్యి చాపి పట్టుకో."

"గిదేం ఆట బిడ్డా" అంటూనే సారక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. గ్రిల్ ఇంకా బిగించలేదు. గాజుల చెయ్యి భుజం దాకా వచ్చింది. పైనుంచి పద్మారాణి వంగి చూసింది. గోడ నిటారుగా ఉంటే కప్ప ఆ చేతికి తగలాలి. సారక్క వేళ్లు గాలిని గీరాయి.

"అందుతలేదు పద్మా. దూరమున్నది."

సంపత్ చూసింది ఇదే. ఇది చూస్తుండగానే వాడి దారం తెంపారు, వాడినీ తోసేసి పక్కన సీసా పెట్టారు.

"సారక్కా, చెప్పేది జర ఇను. బిల్డింగ్ తూర్పుకు ఒరిగింది. అందరిని దింపు, ఇప్పుడే."

అవతల నవ్వు. "నీకు ఎండ తలిగినట్టున్నది. కొత్త బిల్డింగు ఒరుగుడేంది? గింత మంచి శకునమైతే. దిగి రా, పైన మార్కండేయ మామ ఇంట్ల పాలు పెట్టిండ్రు. పొంగితే చూస్తమని అందరు ఆ వంటింట్లనే ఉన్నరు, నేను గూడ పోతున్న."

అందరూ ఒక్క వంటింట్లో. తూర్పు వైపు.

కంట్రోల్ రూముకు ఫోన్ చేయొచ్చు. వాళ్లు వచ్చి, చూసి, నమ్మేసరికి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? వీళ్లను దింపగలిగే మాట ఒకటి కావాలి. పద్మారాణి ఈ మనుషుల్లో పుట్టింది. వీళ్లు పండగ మధ్యలోంచి, పీటల మీంచి కూడా లేచి దేనికి పరుగెత్తుతారో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి తనూ అలా పరుగెత్తింది.

"సారక్కా, లింబాయత్‌ల మీ షెడ్డు అంటుకున్నది. సాంచెలు కాలుతున్నయి. అందరియి" అంది.

సారక్క కేక భవనమంతా వినపడింది. "సాంచెలు అంటుకున్నయంట, ఉరుకుండ్రి." తలుపులు బాదుకున్నాయి. మెట్ల మీద అడుగుల మోత మొదలైంది. పిల్లల ఏడుపులు, పంతులు గొంతు, గిన్నె పడ్డ చప్పుడు. కిందికి, ఇంకా కిందికి.

ఇంత పెద్ద అబద్ధం ఆమె ఎప్పుడూ ఆడలేదు. కంట్రోల్ రూముకు ఫోన్ చేసి నిజం చెప్పింది. పిట్టగోడ మీంచి చూస్తే పట్టుచీరలు, తలపాగాలు గేటు వైపు పరుగెడుతున్నాయి. రోడ్డు అవతల తెల్లకారు పక్కన రాంప్రసాద్ నిలబడి పైకి చూస్తున్నాడు. జనం రోడ్డుకు అడ్డంగా నిండిపోవడంతో కారు కదలలేదు.

ఫోన్ మోగింది.

"అందరం దిగినం" సారక్క రొప్పుతోంది. "షెడ్డుకు ఫోన్ చేస్తే ఏం కాలే అంటున్నరు. ఏందిది పద్మా? నువ్వేడున్నవు?"

"పైన్నే. ఎవ్వర్నీ మళ్ల లోపటికి పోనియ్యకు. ఆ తెల్లకారాయనను కూడ పోనియ్యకు. సంపత్‌ను చంపిన మనిషి."

"నువ్వు దిగరాదు మరి."

"తలుపుకు గొళ్లెం పెట్టి పోయిండు. ఫైరోళ్లు వస్తున్నరు." ఆమె కిందికి వేలాడుతున్న దారం వైపు చూసింది. "సారక్కా, లలితక్కకు ఒక మాట చెప్పాలె. నేను చెప్పకపోతే నువ్వు చెప్పు. పిల్లగాడు తాగలేదని చెప్పు. ఇంటి తాళం ఎందుకు తీస్కపోయిండని అడిగింది. ఇంట్ల దారానికి కట్టేటంత బరువున్నది అదొక్కటే. మీ అందరి ఇండ్లు నిలబడ్డయో లేవో చూస్తందుకు తీస్కపోయిండు."

అవతల సారక్క దగ్గర్నుంచి ఏదో చప్పుడు వచ్చింది. ఆమె ఏడుస్తోందో, రోడ్డు మీది గోలో తెలియలేదు.

పద్మారాణి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిందికి చూసింది. ఆమె కాళ్ల పక్కన, ఇందాక పెట్టినచోటే నిలిచిన కండె, ఎవరూ తాకకుండానే దొర్లడం మొదలుపెట్టింది. తూర్పు గోడ వైపే పోతోంది.